మండుటెండలో వానపైపు చప్పుడు

2024 ఏప్రిల్. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో, లిఫ్టు పనిచేసిన రోజున అందరూ ఒకరికొకరు చెప్పుకునే ఒక పాత భవనంలో మా కన్సల్టెన్సీ ఆఫీసు. నేను హైడ్రోజియాలజిస్టును. భూమి లోపల నీళ్ళు ఎక్కడ ఉంటాయి, ఎటు పోతాయి, దారిలో ఏం కలుపుకుంటాయి అనేది నా చదువు. పెళ్ళిళ్ళలో ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగి, జవాబు విన్న మరుక్షణం, "అయితే మా ప్లాటులో బోరు ఎక్కడ వేయించాలో చెప్పండి" అంటారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాళ్ళు ఉంటారు, వాళ్ళని పిలిపించుకోండి అని చెప్పి ఇప్పటికే చాలామంది చుట్టాలను దూరం చేసుకున్నాను.

ఆ వేసవిలో మాకు వచ్చిన పని నీళ్ళు ఎక్కడ పడతాయో చెప్పడం కాదు. పడ్డ నీళ్ళు ఎలా ఉన్నాయో ఏళ్ళ తరబడి గమనించడానికి ఒక పథకం తయారు చేయడం. నగరానికీ దాని చుట్టుపక్కల ప్రాంతానికీ కలిపి గ్రౌండ్‌వాటర్ క్వాలిటీ మానిటరింగ్ ప్రోగ్రాం. ఏ బావులు, ఏ బోర్లు ఎంచుకోవాలి, వానలకు ముందు ఎప్పుడు, వానల తర్వాత ఎప్పుడు నమూనాలు తీయాలి, వాటిలో ఏమేమి వెతకాలి అన్నవి మొదటి సీసా నింపకముందే తేల్చాలి. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ తప్పు బావిని ఎంచుకున్నామంటే, ఆ తర్వాత ఎంత గొప్ప ల్యాబు పెట్టినా తప్పునే చాలా శ్రద్ధగా కొలుస్తూ కూర్చుంటాం.

మా ప్రాజెక్టు హెడ్ శ్రీధర్ గారు మంచి మనిషే. కాకపోతే ఆయనకు మ్యాపు అందంగా ఉండాలి.

"చుక్కలు సమానంగా పరుచుకోవాలి శారద గారూ. క్లయింటు చూడగానే బాగుందనిపించాలి."

"బావులు ఎంచుకుంటున్నామా శ్రీధర్ గారూ, ముగ్గు వేస్తున్నామా?"

ఆయన నవ్వి ఊరుకుంటారు. నేను ఊరుకోను. మా ఆఫీసులో ఏ మీటింగైనా ఆలస్యంగా ముగియడానికి కారణం నేనే అని నా వెనక అనుకుంటారని నాకు తెలుసు. నా ముందు అన్నా ఒప్పుకునేదాన్నే.

నగరం మధ్య భాగానికి ఒక రిఫరెన్స్ వెల్ కావలసి వచ్చింది. మిగతా బావుల నీళ్ళు ఎంత చెడ్డాయో చెప్పాలంటే, చెడని బావి ఒకటి పక్కన ఉండాలి కదా, అది. శ్రీధర్ గారు పాత రిపోర్టుల్లోంచి అబిడ్స్ సందులో ఉన్న ఒక బోరును బయటికి తీశారు. కాస్త ఎత్తు మీద ఉంది. పాత పరీక్షల్లో నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. సొంతదారు సహకరించే మనిషి. పైగా ఎంత ఎండలోనూ ఎండని బోరట.

"ఎండని బోరు అంటే నాకు అనుమానం" అన్నాను.

"మీకు అనుమానం లేనిది ఏదైనా ఉంటే చెప్పండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం" అన్నారు ఆయన.

సరే, చూసి వద్దామని పోయాను.

సొంతదారు పేరు విఠలయ్య. యాభై దాటిన మనిషి, కింద స్టీలు సామాన్ల దుకాణం. పై అంతస్తుల్లో కోచింగ్‌కు వచ్చే పిల్లల హాస్టల్, దాన్ని ఇంకెవరో కిరాయికి తీసుకుని నడుపుతున్నారు. దుకాణం ముందు చలువ పందిరి. దాని కింద ఇసుక మీద పెద్ద కుండలు, వాటికి తడి గుడ్డలు, పైన బోర్డు: 'కీ.శే. నర్సింలు గారి జ్ఞాపకార్థం చలివేంద్రం'. కుండల వెనక ఎత్తు పీట మీద విఠలయ్య తల్లి ఆండాళమ్మ. తెల్ల చీర, చేతిలో పొడుగు కాడ గరిటె.

నేను నోరు తెరవకముందే గ్లాసు నా చేతికి వచ్చింది.

"ముందుగాల తాగు బిడ్డా, పని ఎక్కడికి పోతది?"

తాగాను. వట్టివేరు వాసన. చల్లగా గొంతులోంచి దిగిపోయింది. ఇంకో గ్లాసు అడిగి తాగాను.

"మీది ఏ ఊరు? మాట చూస్తే ఆంధ్ర మాటలెక్క ఉన్నది."

"మా తాత అటునుంచి వచ్చాడమ్మా. నేను పుట్టింది సుల్తాన్ బజార్ దవాఖానలోనే."

"గట్లయితే నువ్వు మా దానివే. ఇంకో గ్లాసు తాగు."

ఆమెకొక పద్ధతి ఉంది. పొద్దున కుండలు నింపాక మొదటి గ్లాసు ఆమె తాగుతుంది. ఆ తర్వాతే ఎవరికైనా పోస్తుంది. "మా అత్త గట్లనే చేసేటిది. నేను తాగి చూడని నీళ్ళు ఒకల నోట్ల ఎట్ల పోస్త?" అన్నది. ఆటోవాళ్ళు, హమాలీలు, పోస్టాఫీసు నుంచి వచ్చేవాళ్ళు, చంకలో పిల్లలతో బట్టల కొనుగోలుకు వచ్చిన ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి తాగిపోతూనే ఉన్నారు. ఒకామె పాలసీసాలో పట్టుకుంది.

విఠలయ్య నన్ను పెరట్లోకి తీసుకుపోయి బోరు చూపించాడు. దాని పక్కనే ఒక ఇంకుడు గుంత. గుంత కింద ఎప్పుడో ఎండిపోయిన పాత బోరు ఉందట. డాబా మీద పడ్డ వాన ఒక లావుపాటి పైపులో కిందికి వచ్చి, కంకర మీదుగా ఆ పాత బోరులోకి దిగుతుంది.

"సర్కారోళ్ళు చెయ్యమన్నరు, చేసిన. పేపరోళ్ళు వచ్చి ఫొటో గూడ దీసిన్రు మేడం. గల్లీల నాదొక్కటే ఉన్నది గిట్లాంటిది" అన్నాడు గర్వంగా. గుంత మీది సిమెంటు మూత ఎత్తించి చూడాలని నాకు ఆ రోజు తోచలేదు. అది అందరూ మెచ్చుకునే పనే కదా మరి.

మోటారు వేయించాను. నమూనా తీసేముందు బోరులో నిలవున్న నీళ్ళన్నీ తోడేయాలి. భూమిలోంచి కొత్త నీళ్ళు వచ్చేదాకా వదలాలి. దీన్నే పర్జింగ్ అంటాం. విఠలయ్య ప్రాణం విలవిల్లాడింది.

"ఏంది మేడం, గిన్ని నీళ్ళు మోర్ల పోస్తున్రు? పాపం గాదా?"

"నిలవ నీళ్ళు పరీక్షిస్తే మీ పైపు సంగతి తెలుస్తుంది గానీ భూమి సంగతి తెలియదండీ."

"భూమి సంగతి మా అమ్మ నడుగుండ్రి, చెప్తది."

ఈసీ మీటరు ముంచాను. ఈసీ అంటే నీళ్ళలో లవణాలు ఎంత కరిగి ఉంటే అంత పెరిగే అంకె. జేబులో పట్టే పరికరం, క్షణాల్లో చెబుతుంది. పాత రిపోర్టులో ఉన్న అంకెకు రెట్టింపు దాటి చూపించింది. మీటరు చెడిందనుకున్నాను. తెలిసిన ద్రావణంలో ముంచి సరిచూశాను. మీటరు బాగానే ఉంది. మళ్ళీ ముంచాను. మళ్ళీ అదే.

బోరు నీళ్ళ రంగులో, రుచిలో, వాసనలో ఏ తేడా తెలియడం లేదు. అంకె మాత్రం మారింది. నమూనాలు పట్టి, క్రిముల పరీక్షకు వేడిలో శుద్ధి చేసిన సీసా విడిగా నింపి, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకు పోయాను.

శనివారం సాయంత్రం ల్యాబు కెమిస్టు ఫోన్ చేసింది.

"మేడం, ఈ నమూనా ఎక్కడిది? మురుగు కాలవ పక్కన చేతిపంపుదా?"

"చలివేంద్రానిది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత చెప్పింది. నైట్రేట్ పరిమితిని ఎప్పుడో దాటిపోయింది. మలంలో ఉండే, తాగే నీళ్ళలో అసలు కనబడకూడని ఈ-కోలై క్రిమి నిండుగా ఉంది. నేను రెండు గ్లాసులు అడిగి మరీ తాగాను. అది పోనీ. నా కళ్ళ ముందు మెదిలింది ఆ పాలసీసా. నైట్రేట్ పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది, కాచినా పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

శ్రీధర్ గారికి చెప్పాను. ఆయన నిట్టూర్చి, "అయితే దాన్ని జాబితాలోంచి తీసేద్దాం. హిమాయత్‌నగర్‌లో ఇంకో బోరు చూడండి" అన్నారు.

నాకు ల్యాబు ఫోను కన్నా ఆ మాటకు ఎక్కువ దిమ్మ తిరిగింది.

"తీసేయడమా?"

"రిఫరెన్స్‌కు పనికిరాదు కదండీ. లోకల్ సమస్య అది. మనది రీజనల్ ప్రోగ్రాం."

"జ్వరం ఉన్నవాళ్ళను లైన్లోంచి పక్కకు తప్పించి, ఊళ్ళో అందరూ క్షేమం అని రాస్తామా? ఇదేనా మన ప్రోగ్రాం?"

"సోమవారం మాట్లాడదాం" అన్నారు. సోమవారం దాకా ఆగడానికి అక్కడ కుండలు ఆగవు. విఠలయ్యకు ఫోన్ చేశాను. సగం విని, "రేపు దుకాణం బంద్, రండ్రి, మాట్లాడుదాం" అని పెట్టేశాడు.

ఆదివారం అబిడ్స్ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. విఠలయ్య దుకాణం బంద్. చలివేంద్రం బంద్ కాదు. పుస్తకాల జనమంతా అక్కడే తాగుతున్నారు. నేను వెళ్ళేసరికి ఆండాళమ్మ గరిటె ఆగకుండా ఆడుతోంది.

విఠలయ్యను పెరట్లోకి పిలిచి రిపోర్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"మీ ల్యాబోళ్ళు సీసాలు మార్చిన్రేమో చూసుకోండ్రి."

"మార్చలేదు. రెండేసి సీసాలు పట్టాను. రెండిట్లో అదే."

"మా అమ్మకు ఎనభై నిండినయ్. దినాం మొదటి గ్లాసు ఆమెనే తాగుతది. ఏమైంది ఆమెకు? చెప్పుండ్రి!"

"ఆమెకు ఏమీ కాకపోతే అందరికీ ఏమీ కానట్టేనా? మీరు గిన్నెలు అమ్ముతారు కదా, ఒక గిన్నెకు చిల్లు లేకపోతే గోదాములో దేనికీ లేదని రాసిస్తారా?"

"జర ఇజ్జతుగ మాట్లాడుండ్రి మేడం. మా బాపు పేరు మీద నడుస్తున్న పని ఇది."

"అందుకే ఆపమంటున్నాను!"

ఎండ మాడుస్తోంది. నేను కోపంతో గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా భుజానికి చల్లగా తగిలింది. తిరిగి చూస్తే వానపైపు. చెయ్యి పెట్టాను. ఆ మండే ఎండలో చల్లగా, చెమ్మగా ఉంది. చెవి ఆనించాను. లోపల నీళ్ళు దిగుతున్న చప్పుడు.

"విఠలయ్య గారూ, మన దగ్గర వాన ఎప్పుడు పడింది?"

"గీ ఎండలల్ల వానేంది మేడం?"

"అయితే ఈ పైపులో ఏం దిగుతోంది?"

ఆయన కూడా వచ్చి చెవి పెట్టాడు. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఇద్దరం కలిసి గుంత మీది మూత జరిపాం. కంకర నల్లగా తడిసి ఉంది. సబ్బు నురగ. వాసన నేను చెప్పను.

ఆదివారం పొద్దున. పైన హాస్టల్ పిల్లలంతా సెలవు రోజున ఆలస్యంగా లేచి, స్నానాలు చేస్తున్నారు.

"ఆ గదులకు బాత్‌రూములు ఎప్పుడు కట్టారు?"

"మూడు నాలుగేండ్లయితది. హాస్టలోళ్ళే కట్టుకున్నరు. వాళ్ళ ప్లంబరే."

"మోరీ లైను ఎటువైపు?"

ఆయన ఎదుటి వైపు చూపించాడు. అర్థమైంది. మురుగు పోయే మోరీ లైను భవనానికి ఆ చివర, కొత్త బాత్‌రూములు ఈ చివర. ఆ ప్లంబరు అంత దూరం పైపు లాగడం ఎందుకనుకున్నాడు. గోడ పక్కనే పై నుంచి కిందికి లావుపాటి పైపు సిద్ధంగా ఉంది. దానికే కలిపేశాడు. వానకాలంలో తప్ప ఖాళీగా ఉండే పైపు కదా! అది ఎక్కడికి పోతుందో అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పాత రిపోర్టు అంతకు ముందుది.

"అనుమానంతో ఎట్ల చెప్తరు?" అన్నాడు విఠలయ్య.

"చెప్పను. చూపిస్తాను. నీలిమందు ఉందా ఇంట్లో?"

ఆండాళమ్మ అప్పటికే మా గొడవ విని పెరట్లోకి వచ్చింది. తన తెల్ల చీరలకు పెట్టుకునే నీలిమందు సీసా తనే తెచ్చి ఇచ్చింది. మా పనిలో దీనికి వేరే రంగులు, వేరే పేర్లు ఉన్నాయి, డై టెస్ట్ అంటాం. ఆ పూట మాకు దొరికింది అదే. విఠలయ్య బకెట్లో నీలిమందు కలుపుకుని పైకి పోయాడు. నేనూ ఆమె గుంత దగ్గర నిలబడ్డాం.

"పోసిన!" అని పై కిటికీలోంచి అరిచాడు.

మొదట నురగ వచ్చింది. తర్వాత పైపు నోట్లోంచి నీలం. ముదురు నీలం, కంకర మీద పరుచుకుని, పాత బోరు నోట్లోకి గుటకలు వేసినట్టు దిగిపోయింది.

"గిది స్నానాల గది" అని అరిచాడు. "ఇప్పుడు పాయఖాన!"

మళ్ళీ నీలం వచ్చింది. దానితో కలిసి వచ్చినదాన్ని ఇక్కడ రాయను. మంచినీళ్ళ బోరు ఆ గుంతకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఎంత ఎండలోనూ ఎండని బోరు! ఎందుకు ఎండుతుంది? పై నుంచి రోజూ నింపుతూనే ఉన్నారు కదా.

ఆండాళమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది, అంతే.

"మొదటి గ్లాసు నేను తాగిన బిడ్డా" అన్నది చివరికి. "తాగి, మంచిగున్నయని చెప్పి పోసిన. నేను చెప్పబట్టే గద తాగిన్రు?"

నేను నోట్‌బుక్ తీసి, నీలం కనబడిన టైము రాసుకున్నాను.

విఠలయ్య కిందికి వచ్చాడు. ఆమె అతనితో, "మీ బాపు బోర్డు దించు" అన్నది.

"ముందుగాల కుండలు ఒంపుత అమ్మా..."

"ముందు బోర్డు. ఆయన పేరు కింద ఇంకొక్క గ్లాసు గూడ పొయ్యొద్దు."

బోర్డు దించాడు. ముగ్గురం ముందుకు వచ్చేసరికి పందిరి కింద ఒకాయన దాదాపు ఖాళీ అయిన సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా పాత పుస్తకాలు అమ్ముకునే ఖాజా భాయి, ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటాడట.

"అమ్మా, జర సీసా నింపుండ్రి."

విఠలయ్య తల్లి చెవి దగ్గరికి వంగి మెల్లగా, "మోటార్ కాలింది అని చెప్పు అమ్మా. రేపటిసంది మెల్లగ బంద్ చేద్దాం. బజార్ల ఇజ్జత్ పోతది" అన్నాడు. నాకు వినబడింది. నేను నోరు తెరిచేలోపే ఆమె కొడుకును పక్కకు నెట్టింది.

"ఖాజా, ఇటు జూడు. మా నీళ్ళల్ల పైన హాస్టల్ పాయఖాన కలిసింది. నాకు తెల్వలేదు, గిప్పుడే తెలిసింది. ఇన్నొద్దులు నీకు అవే పోసిన. కడుపుల ఏమన్న తేడా ఉంటే దవాఖానకు పో, ఖర్చు నేనిస్త. నీ పక్కన కూసునేటోళ్ళకు గూడ చెప్పు. పోయినవారం పాలసీసాల నీళ్ళు పట్టుకున్న పోరి కనబడితే, ముందు దానికి చెప్పు."

ఖాజా భాయి ఆమెను చూశాడు, దించిన బోర్డును చూశాడు. సీసాలో మిగిలిన కాసిన్ని చుక్కలు మోరిలో ఒంపేశాడు.

"ఇన్నేండ్లసంది తాగి గూడ బతికిన్నంటే, నా కడుపు దవాఖాన డాక్టర్లకు చూపియ్యాలె అమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా. తర్వాత మెల్లగా, "మీరే చెప్పిన్రు. ఇంకొకరైతే చెప్పకపోదురు" అని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఫుట్‌పాత్ పొడుగునా ఆయన గొంతు వినబడుతూనే ఉంది, ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ.

కుండలు ఒక్కొక్కటే ఒంపారు. దాహంతో వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఆ మాటే మొత్తం చెప్పింది. ఒక్కసారి కూడా కుదించలేదు. కొందరు తిట్టారు. ఒకడైతే చేతిలో గ్లాసు విసిరికొట్టాడు. విఠలయ్య తల వంచుకుని ఆ గ్లాసు ఏరుకొచ్చాడు.

సోమవారం శ్రీధర్ గారితో నాకు జరిగింది మాట్లాడుకోవడం కాదు, పోట్లాట. ఆ బోరు రిఫరెన్స్‌కు పనికిరాదు, నిజమే. కానీ ప్రోగ్రాంలోంచి తీసేయడానికి వీల్లేదు అన్నాను. చెడిన బావిని గమనించకుండా నీళ్ళ నాణ్యత గమనిస్తున్నామని చెప్పుకోవడం కన్నా, పని మానేసి ఇంటికి పోవడం మర్యాద అన్నాను. "మీరు ప్రతిదానికీ రాజీనామా దాకా పోతారు" అన్నారాయన. "మీరు ప్రతిదానికీ మ్యాపు దాకానే పోతారు" అన్నాను. చివరికి బోరు ఉండిపోయింది, కాలుష్యం తగ్గుతున్నదా లేదా చూసే బావిగా. ఆయన మంచి కూడా చెప్పాలి. క్లయింటు ముందు దాన్ని సమర్థించింది ఆయనే, నా కన్నా మెత్తగా, నా కన్నా బాగా.

ఇంకొకటి కూడా చేర్పించాను. బావి ఎంచుకునే ముందు చేసే క్షేత్ర పరిశీలనలో, ఇంకుడు గుంత ఉన్న ప్రతి భవనం దగ్గరా వాన లేని రోజుల్లో మూత ఎత్తి చూడాలి, పైపు ముట్టి చూడాలి అని. మొదట్లో మావాళ్ళు నవ్వారు. అబిడ్స్, సుల్తాన్ బజార్, హిమాయత్‌నగర్ సందుల్లో తిరిగి వచ్చాక నవ్వు పోయింది. ఎండలో తడిగా ఉన్న వానపైపులు ఇంకా దొరికాయి. ఇళ్ళను గదులుగా విడగొట్టి కిరాయికిచ్చిన ప్రతిచోటా ఏదో ఒక ప్లంబరు దగ్గరి దారి చూసుకున్నాడు. మొదటిసారి నాకు కలిగింది దిగ్భ్రాంతి. తర్వాత తర్వాత అది కూడా అలవాటైపోతుందేమోనని ఇంకా భయం వేసింది.

విఠలయ్య హాస్టల్ లైను మోరీకి కలిపించాడు, పాత బోరు శుభ్రం చేయించి మూయించాడు. క్రిములు ముందు తగ్గాయి. నైట్రేట్ అంత తొందరగా పోదు. భూమి మింగినదాన్ని మెల్లగా వదులుతుంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ అని చెప్పమంటే, మంచి పని జరుగుతున్న చోటే ఎక్కువ అనుమానంతో చూడాలి అంటాను. చెడ్డ పనిని అందరూ కనిపెడతారు. ఇంకుడు గుంత, చలివేంద్రం, ఎనభై ఏళ్ళ ఆవిడ తాగే మొదటి గ్లాసు, వీటి మూత ఎత్తి చూడాలని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

మరుసటి వేసవి నమూనాలకు వెళ్ళినప్పుడు పందిరి మళ్ళీ వేసి ఉంది. కుండల్లో బోరు నీళ్ళు కాదు, నల్లా నీళ్ళు, ల్యాబు రిపోర్టు పక్కనే అట్టకు అంటించి ఉంది. బోర్డు లేదు. ఆండాళమ్మ నన్ను చూసి గ్లాసు ముంచి చాచింది. నాకు తెలియకుండానే నా చెయ్యి గ్లాసు వైపు కాక బ్యాగులోని మీటరు వైపు పోయింది. సిగ్గేసి వెనక్కి తీసుకున్నాను. ఇది లవణాలే చూస్తుందమ్మా, క్రిములను చూడలేదు అని కూడా ఏదో గొణిగాను.

ఆమె గ్లాసు పీట మీద పెట్టి, మీటరు ముంచడానికి వీలుగా నా వైపు జరిపింది.

"ముంచు బిడ్డా. మొదటి గ్లాసు గిప్పుడు దానిదే" అన్నది.